గాజు పలక

మూడేళ్ళకి కంభం చెరువు అలుగు పారింది.
పదో రోజు పొద్దున
పుట్టిలో వెలిగొండయ్య తెడ్డు వేస్తున్నాడు,
నేను నా వల నీళ్ళలోకి జార్చాను.
చూసి నవ్వాడు.
"ఈ గుడ్డ సంచిలో చేప యాడ పడుద్దమ్మా?"
"చేప తినేది పడుద్దిలే" అన్నా.

జల్లెడ కన్నా సన్నం ఆ వల.
గొంతులో సీసా, సీసాలో గుక్కెడు పచ్చ.
నాలుగు చుక్కలు అయోడిన్ వేస్తే
పచ్చ కషాయం రంగుకు తిరిగి
ఈదేవన్నీ ఎక్కడివక్కడ నిలబడతాయి,
బళ్ళోకి ఇన్‌స్పెక్టరు వచ్చినట్టు.

వెలిగొండయ్యకు నాలుగే తెలుసు:
పాచి, నాచు, పసరు, మడ్డి.
పాచి మీద కాలు జారుద్ది.
నాచు తెడ్డుకు చుట్టుకుంటది.
పసరు నీళ్ళు తాగితే గొర్రె ఉబ్బుద్ది.
ఇంక మిగిలిందల్లా మడ్డి.

నా పుస్తకంలో పదకొండు వందల పేర్లు.
ప్రతి ప్రశ్నా రెండు దారులు:
తోక ఉందా, లేదా?
గోడ గాజుదా, కాదా?
గాజుదైతే నూట నలభయ్యో పేజీకి పో.
ఎక్కడో ఉత్తరాన,
ఆర్నెల్లు గడ్డకట్టే సరస్సుల ఒడ్డున కూర్చుని
ఎవరో ఓపికగా గీసిన బొమ్మలు.
'మంచు కరిగిన మొదటి వారంలో కనిపిస్తుంది'
అని ఉంటుంది కొన్నిటి కింద.
మాకు కరిగేది రోడ్డు మీద తారు.

మార్కాపురం నీళ్ళ ల్యాబులో ఒకటే మైక్రోస్కోపు.
కాశింపీరా దాని కటకాలు తుడిచేది
వాళ్ళమ్మ పాత వాయిలు చీర ముక్కతో.
కరెంటు పోతే అద్దం తిప్పి
కిటికీలో ఎండను పట్టుకుంటాం.
చుక్క వేసి, పైన గాజు రేకు మూసి
లెక్క మొదలు.
చుట్టూ పళ్ళున్న చక్రం పీడియాస్ట్రమ్,
కాశింపీరా లెక్కలో అది జంతిక.
ఒకే బెంచీ మీద ఇరుక్కున్న నలుగురు సీనడెస్మస్.
పూసల దండ, నడుమ ఒక పూస లావు, అనబీనా:
ఇవి ఎక్కువైతే మున్సిపాలిటీకి ఫోను చెయ్యాలి,
నీళ్ళు మట్టి వాసనేస్తున్నాయని
వాళ్ళే ముందు చేస్తారనుకో.
తర్వాత పడవ. నావిక్యులా.
ఒంటినిండా గీతలున్న గాజు పడవ.

అక్కడ నా లెక్క తప్పుతుంది.

నాయన పలకల గనిలో చేశాడు.
ఉలి మొన ఆనించి సుత్తితో తడితే
రాయి పుస్తకంలా విచ్చుకునేది.
ఏ పొర బడిపిల్లలకి, ఏ పొర ఇంటి కప్పుకి,
ఏది కుప్పలోకి,
చప్పుడు విని చెప్పేవాడు.
ఒంగోలు డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి
"ఇదంతా సిలికా" అన్నాడు.
"అంటే ఏంది సార్?"
"గాజు పిండి అనుకో పెద్దాయనా."

నూట నలభయ్యో పేజీలో మొదటి వాక్యం:
'వీటి గోడ సిలికాతో కట్టినది.'

ఒక ఆదివారం ఆయన్ని ల్యాబుకు తీసుకెళ్ళాను.
మెట్ల దగ్గర రెండుసార్లు కూర్చున్నాడు.
ఒక కన్ను మూసి
చాలాసేపు చూశాడు, దగ్గును చేత్తో ఆపుకుని,
చుక్క కదులుద్దని.
"గీతలు యాడా తప్పలేదే" అన్నాడు.
"ఎవురు కోశారమ్మా?"

ఈ అలుగు నీళ్ళలో దొరికింది కూడా పడవే.
పుస్తకం ప్రకారం పది మైక్రాన్లకు
పధ్నాలుగు గీతలుండాలి.
దీనికి పదిహేడు.
మళ్ళీ లెక్కపెట్టా. కాశింపీరా లెక్కపెట్టాడు.
పదిహేడే.
పప్పు చల్లారిపోయాక
నాయనకు ఫోను చేసి చెబుదామనుకుని
నంబరు నొక్కబోయి ఆగాను.
ఆ నంబరు ఇప్పుడు ఎవరిదో.

మర్నాడు మళ్ళీ పుట్టి ఎక్కా.
"ఏమన్నా పడిందా?" వెలిగొండయ్య.
"పడింది. పేరే లేదు."
"అయితే మడ్డిలో రాసుకో" అని
తెడ్డు వేశాడు.

రాయలేదు.
గాజు పలక అంచున చీటీ అంటించి
తేదీ వేసి, చెరువు పేరు వేసి
మిగతా జాగా వదిలేశా.